గ్లాస్‌నోస్త్ సాహిత్యాన్ని ఎలా చదవాలి?

1991లో సోవియట్ యూనియన్ ఎందుకు కూలిందన్న చర్చ వచ్చినప్పుడల్లా మన అభ్యుదయ మిత్రులు కొందరు ఒకే మాట అంటారు. గొర్బచేవ్ పెరిస్త్రోయికాతో, అంటే ఆర్థిక సంస్కరణతో ఆగి ఉంటే బాగుండేదట. గ్లాస్‌నోస్త్ పేరుతో నోళ్లు విప్పనివ్వడంతోనే కొంప మునిగిందట. రచయితలూ పత్రికలూ కలిసి రాజ్యం పరువు తీశారట. ఈ వాదాన్ని నేను ఒప్పుకోను.

బహిరంగత లేని సంస్కరణను ఆ దేశం అంతకుముందే ఒకసారి చేసి చూసింది. 1965 సెప్టెంబరులో ప్రధాని కొసిగిన్ ఫ్యాక్టరీలకు కొంత స్వేచ్ఛ, లాభానికి కొంత విలువ ఇచ్చే పథకాన్ని పార్టీ కేంద్ర కమిటీ ముందు పెట్టాడు. సిన్యావ్‌స్కీ, దానియేల్ అనే ఇద్దరు రచయితలను అరెస్టు చేసింది కూడా ఆ నెలలోనే. మారుపేర్లతో విదేశాల్లో కథలు అచ్చువేసుకోవడం వాళ్ల నేరం. 1966 ఫిబ్రవరిలో ఒకరికి ఏడేళ్లు, మరొకరికి ఐదేళ్లు శిక్ష పడింది. 1968లో చెకొస్లొవేకియాలోకి సైన్యాలు వెళ్లాక సంస్కరణ అనే మాటే అనుమానాస్పదమైంది. కొసిగిన్ పథకం ఫైళ్లలో నిద్రపోయింది. నిజం చెప్పినవాడు జైలుకు పోయే చోట ఫ్యాక్టరీ మేనేజరు మాత్రం నిజమైన లెక్క ఎందుకు పంపుతాడు? ఉజ్బెకిస్తాన్‌లో పండని పత్తిని కాగితం మీద పండించిన బాగోతం 1980లలో బయటపడింది. లేని పత్తిని ఉన్నట్టు చూపినవాళ్లూ, ఉన్న నవలను లేకుండా చేసినవాళ్లూ వేరువేరు శాఖల్లో పనిచేశారు గాని, ఒకే బడిలో చదువుకున్నారు.

అలా లేకుండా చేసిన నవల వసీలీ గ్రోస్‌మన్ 'జీవితం - విధి'. 1961లో కేజీబీ వాళ్లు రాతప్రతితోపాటు కార్బన్ కాగితాలూ టైపు రిబ్బన్లూ కూడా పట్టుకుపోయారు. 1964లో రచయిత చనిపోయాడు. స్వదేశంలో అది 'అక్త్యాబ్ర్' పత్రికలో వెలువడింది 1988లో. గ్రోస్‌మన్ సోషలిజానికి బయటి శత్రువు కాడు. స్టాలిన్‌గ్రాడ్ యుద్ధరంగంలో విలేఖరిగా పనిచేసినవాడు. నవలలో 6/1 నంబరు ఇల్లు ఒకటి ఉంది. చుట్టూ జర్మన్లు. లోపల గ్రేకొవ్ నాయకత్వంలో కొద్దిమంది ఎర్రసైనికులు. చావు ఖాయమని తెలిసిన ఆ మనుషులు అధికారికి భయపడకుండా మాట్లాడుకుంటారు. వాళ్లను దారిలో పెట్టమని క్రీమొవ్ అనే కమిసార్‌ను పంపుతారు. అతనికి ఆ శిథిలంలో జర్మన్ల కన్నా ఆ మాటలే ప్రమాదంగా కనిపిస్తాయి. గ్రేకొవ్ మీద రిపోర్టు రాస్తాడు. తరవాత తానే జైలు పాలవుతాడు. రాజ్యం పరువు తీసింది ఆ ఇంటిని చిత్రించిన రచయితా, లేక ఆ రిపోర్టులను నడిపించిన పద్ధతా? 'గ్లాస్‌నోస్త్ ముంచింది' అనేవాళ్లు ఈ ప్రశ్న దగ్గర ఆగరు.

అయితే ఆ రోజుల్లో వెలువడినదల్లా గొప్ప సాహిత్యమని నేననను. 1987లో వచ్చిన రిబకోవ్ 'అర్బాత్ పిల్లలు' కోసం జనం ఎగబడ్డారు. కాని అందులో స్టాలిన్ ఆలోచనలుగా నడిచే పుటలు చాలావరకు రచయిత చేసిన చరిత్ర పాఠాలే. పాఠకుడి ఆకలి వేరు, నవల బలం వేరు. మన విద్యార్థులు ఈ రెంటినీ కలిపేస్తున్నారు. (విశాలాంధ్ర దుకాణాల్లో మాస్కో తెలుగు అనువాదాలు చవగ్గా కొనుక్కున్న మా తరానికి వీటిలో ఒక్కటీ ఆ దారిన రాలేదు. అదీ ఒక సాక్ష్యమే.)

ఇక మార్కెట్ భక్తులు సంబరపడడానికీ ఇక్కడ ఏమీ లేదు. 1990లో పత్రికా చట్టం సెన్సారును రద్దు చేసింది. 'నోవీ మీర్' ఆ ఏడు 25 లక్షల ప్రతులు దాటింది. కాగితం, అచ్చు, పంపిణీ మాత్రం పాత చేతుల్లోనే ఉండిపోయాయి. పెరిస్త్రోయికా వాటి జోలికి గట్టిగా పోలేదు. చందాదారులున్నా సంచికలు ఆలస్యమయ్యాయి. 1992 జనవరిలో ధరలు వదిలేశారు. కాగితం ధర పెరిగింది, జీతం కరిగింది, పాఠకుడు ముందు రొట్టె కొన్నాడు. లక్షల్లో ఉన్న ఆ పత్రిక కొన్నేళ్లలోనే వేలల్లోకి దిగింది.