తెర లేని యంత్రంతో మాట్లాడే విద్య

పీసీ ఇంజిన్స్ వారి ఏపీయూ బోర్డుకి మానిటర్ తగిలించే చోటే లేదు. తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టే దానికి నోరూ చెవీ. దాని మీద ఓపెన్‌బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించబోతే బూట్ ప్రాంప్టు దాకా అక్షరాలు ముత్యాల్లా వస్తాయి, ఆపైన ఉలుకూ పలుకూ ఉండదు. బోర్డు పోయిందని పక్కన పడేసినవాళ్లున్నారు. బోర్డుకి ఏ రోగమూ లేదు. కెర్నెల్ లేని తెరకి కబుర్లు చెప్పుకుంటోంది, అంతే. తెలిసిన చెయ్యి పడితే రెండు ముక్కలు చాలు: ముందు ‘ఎస్‌టీటీవై కామ్0 115200’, తర్వాత ‘సెట్ టీటీవై కామ్0’. ఆ వరసలోనే పనితనమంతా ఉంది. మొదటిది వదిలేసి రెండోదే కొట్టారా, ఓపెన్‌బీఎస్‌డీ తన పాత అలవాటు 9600 వేగానికి దిగిపోతుంది. 115200కి పెట్టుకున్న మన టెర్మినల్ నిండా పిచ్చిగీతలు.

ఆ పిచ్చిగీతల్ని చదవగలగడమే అసలు పాండిత్యం. గీతలైనా వస్తున్నాయంటే తీగ బాగుంది, వేగమే తప్పు. ఏమీ రావడం లేదా, పంపే తీగ అవతల అందుకునే పిన్నుకి చేరుతోందా అని చూడాలి. నల్ మోడెమ్ కేబుల్ బదులు తిన్నని కేబుల్ పెట్టి ఉంటారు. కెర్నెల్ మాటలన్నీ వచ్చి లాగిన్ దగ్గర ఆగిపోతే, ఈటీసీలోని టీటీవైస్ ఫైల్లో టీటీవై00 వరస ఆఫ్‌లో ఉన్నట్టు. లాగిన్ ఒక్కటే గీతలుగా వస్తే, అదే వరసలో లాగిన్ అడిగే గెట్టీ ఇంకా 9600 దగ్గరే ఉన్నట్టు. చదవగలుగుతున్నాం గానీ కొట్టింది అవతలికి పోవడం లేదంటే, మొదట అనుమానించాల్సింది హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్‌ని. నాడి పట్టి రోగం చెప్పే వైద్యుడి తీరు ఇది! పైగా ఇన్‌స్టాలర్ కన్సోల్‌ని కామ్0కి మార్చాలా, వేగమెంత అని తనే అడిగి ఈ అమరికలన్నీ సర్దిపెడుతుంది. ఇంత మర్యాద తెలిసిన సిస్టమ్ ఇంకోటి నాకు కనబడలేదు.

ఈ సీరియల్ పోర్టు నడిచే ఆర్‌ఎస్-232 ప్రమాణం 1960 నాటిది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ యూనివర్సిటీ కంప్యూటర్‌ని అందుకోవడానికి రాసుకున్న టెర్మినల్ ప్రోగ్రామే పెరిగి లైనక్స్ అయింది. మరుసటి ఏడే థియోడర్ త్సో దాని సీరియల్ డ్రైవర్‌ని దాదాపు తిరగరాశాడు. 1995లో థియో డి రాట్ మొదలుపెట్టిన ఓపెన్‌బీఎస్‌డీలో కెర్నెల్ కుప్పకూలితే (దీన్నే పానిక్ అంటారు) డీడీబీ అనే డీబగ్గర్ ప్రాంప్టు తెరుచుకుంటుంది. అక్కడ ‘ట్రేస్’, ‘పీఎస్’ కొట్టి, ఆ పాఠమంతా యథాతథంగా పంపితే ఎక్కడో కూర్చున్న డెవలపర్ తప్పు జరిగిన ఫంక్షన్ పేరు పట్టుకుంటాడు. ఆ యంత్రాన్ని ఆయన కంటితో చూసిందే లేదు!

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. ఫోన్‌తో తెరని ఫొటో తీసి, సగం మెరుపు, సగం మసక, పైకి జరిగిపోయిన అసలు వరస మాత్రం లేకుండా పంపి, సాయం చెయ్యమంటారు. ల్యాప్‌టాప్‌ల నుంచి సీరియల్ పోర్టు ఎప్పుడో పీకేశారు. మిగిలిన యూఎస్‌బీ కేబుళ్లలో నకిలీ చిప్పుల రాజ్యం. 2014లో అసలు చిప్పుల తయారీ సంస్థ ఎఫ్‌టీడీఐ తన విండోస్ డ్రైవర్‌తో ఆ నకిలీల గుర్తింపు నంబరునే సున్నా చేసింది. శిక్ష పడింది చేసినవాడికా? తెలియక కొన్న అమాయకుడికి! అసలు చిప్పున్న కేబుల్‌కి నాలుగు డబ్బులు ఎక్కువైనా పెట్టండి, అది ఏళ్ల తరబడి పనికొస్తుంది. 3.3 వోల్టుల పిన్నుల్లో మాత్రం ఆర్‌ఎస్-232 తీగ దూర్చకండి, బోర్డు కాలిపోవచ్చు.

పానిక్ వచ్చేదాకా ఆగకండి. ఈ రోజే సిస్‌సీటీఎల్ ఫైల్లో డీడీబీ.కన్సోల్ విలువ 1 చేసి, రీబూట్ చేసి, ఇవతలి కంప్యూటర్లో తెర మీది పాఠమంతా ఫైల్లో రాసే ‘స్క్రిప్ట్’ నడుపుతూ అందులోంచి ‘సీయూ’తో సీరియల్ తీగ మీదుగా ఎక్కండి. యంత్రం బిగుసుకుపోయిన రోజున ఎంటర్ కొట్టి, టిల్డా, వెంటనే హాష్ కొడితే బ్రేక్ సంకేతం పోతుంది, డీడీబీ పలుకుతుంది. అది చెప్పిన ప్రతి అక్షరమూ మీ ఫైల్లో ఉంటుంది. ఫొటో కాదు, ఆ ఫైలు పంపండి.