పాత యినుము – కొత్త వినోదం

తుక్కుకుప్పలోంచి యంత్రం తయారుచేసే టెలివిజన్ పోటీ కూడా ఒక కథారూపమే. అందులో పాత్రలున్నాయి, సంఘర్షణ వుంది, ముగింపు వుంది. సాహిత్య విమర్శకునికి దానితో పనిలేదనడం సరికాదు.

బ్రిటన్‌లో చానల్ ఫోర్ 1998లో ‘స్క్రాప్‌హీప్’ను ప్రారంభించింది. తర్వాత అదే ‘స్క్రాప్‌హీప్ చాలెంజ్’ అయింది. అమెరికాలో ‘జంక్‌యార్డ్ వార్స్’. రెండు జట్లు, ఒక కుప్ప, పది గంటల గడువు. ‘అపోలో 13’ (1995) చిత్రంలో, చేతికందిన సామాన్లతోనే బొగ్గుపులుసు వాయువును తొలగించే పరికరాన్ని ఇంజనీర్లు రూపొందించే ఘట్టం దీనికి స్ఫూర్తి. చిక్కు యీ పుట్టుకలోనే వుంది. 1970లో ఆ పరికరం కుదరకపోతే ముగ్గురు మనుషులు వూపిరాడక చనిపోయేవారు. పోటీలో యంత్రం ఆగిపోతే ప్రేక్షకులు నవ్వుతారు. అవసరాన్ని తీసివేసి గడువును మాత్రం మిగిల్చారన్నమాట.

పైగా ఆ కుప్ప తనంతట తాను పడ్డ కుప్ప కాదు. కావలసిన ముఖ్యభాగాలు కొన్నింటిని ముందే అందులో దాచి వుంచేవారు. పురాణంలో దేవత ప్రత్యక్షమైనట్టు సమయానికి యింజను దొరుకుతుంది! దీన్ని కొందరు మిత్రులు మోసమంటారు. నేననను, నాటకమన్నాక రంగాలంకరణ వుంటుంది. నా అభ్యంతరం వేరు. దాచిన చేతులు తెరమీదికి రావు. వారి శ్రమ మరుగునపడి, జట్టు ప్రతిభ ఒక్కటే కనబడుతుంది. చేతిలో యేమీ లేకపోయినా తెలివుంటే చాలుననే నీతి అక్కడ తయారవుతుంది. అది పాలకవర్గాలకు యెంత ప్రియమైన నీతో చెప్పనక్కరలేదు. పేదవాడి నేర్పును మెచ్చుకోవడానికి ఖర్చు లేదు. పనిముట్టు యివ్వడానికి వుంది.

అయినా వొకటి ఒప్పుకోవాలి. వెల్డింగు చేసే చేతిని, గ్రీజు అంటిన గోళ్ళను యింత గౌరవంగా చూపిన వినోదం అరుదు. యంత్రం యెట్లా నడుస్తుందో విప్పిచెప్పారు. మన చానళ్ళు పాటకు, నాట్యానికి, వంటకు పోటీలు పెడతాయి. మెకానిక్ మాత్రం హాస్యపాత్రగానే కనబడతాడు.

“మాస్టారూ, మనవాళ్ళకు పెడితే గెలవరా?” అని మా కోనసీమ విద్యార్థి ఒకడు అడిగాడు. గెలుస్తారు. సఖినేటిపల్లి రేవులో పంటు యెక్కి వశిష్ఠ దాటినవారికి ఆ సంగతి తెలుసు. పడవలను జతచేసి, పైన బల్లలు పరచి, డీజిల్ యింజనుతో మనుషులనూ మోటారు సైకిళ్ళనూ నరసాపురం వొడ్డుకు చేరుస్తారు. నడి గోదావరిలో యింజను ఆగితే బాగుచేసుకోవలసింది వారే. ఆ నేర్పును తెరమీద చూస్తే నేనూ చప్పట్లు కొడతాను. కాని దశాబ్దాల పాటు ఆ రేవుకు వంతెన యెందుకు రాలేదని అడిగే వ్యవధి పది గంటల పోటీలో వుండదు.

మన భాషలో యీ వస్తువుకు దగ్గరగా వచ్చిన రచన, నేనెరిగినంతలో, రాజ్ రాచకొండ 2019లో తీసిన ‘మల్లేశం’. ఆలేరు దగ్గరి శారాజీపేట చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం నిజజీవితమే దాని కథ. ఆసు పోయాలంటే ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చేతిని మేకుల చుట్టూ తిప్పాలి. రోజుకు రెండు చీరలు. తల్లి లక్ష్మి భుజం అరిగిపోయింది. ఆరో తరగతితో చదువాపిన కొడుకు 1992లో పూనుకొని 1999లో ఆసుయంత్రం పూర్తిచేశాడు. పది గంటలు కాదు, యేడేళ్ళు! అతనికోసం కుప్పలో యెవరూ యింజను దాచిపెట్టలేదు. కూలి డబ్బుతో ఒక్కొక్క భాగమే కొనుక్కున్నాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

చిత్రం తల్లి భుజాన్ని మరచిపోదు. దాని బలమంతా అక్కడే వుంది. ప్రియదర్శి నటనలో వీరుడు కాదు, విసిగిన పనివాడు కనిపిస్తాడు. కాని దర్శకుడు ఆ యేడేళ్ళను వ్యక్తి పట్టుదలగానే చూశాడు. అన్నాళ్ళూ సాంకేతిక విద్యాలయాలు, చేనేత శాఖ, సహకార సంఘాలు యేం చేస్తున్నాయన్న ప్రశ్నను గట్టిగా వేయలేదు. ‘మల్లేశం’ను తరగతిలో చూపే అధ్యాపకులు ఆ యేడేళ్ళ ఖర్చు లెక్కను కూడా విద్యార్థులచేత వేయించాలని నా కోరిక.