నీళ్ళకు నాలుగు పేర్లు

చిన్ని చెవీ, నీకు దండం.

బిడ్డ కళ్ళకు ఇంకా జానెడు దూరమే తేటగా కనిపిస్తుంది. పాలు తాగే నోటికీ తల్లి మొహానికీ మధ్య ఎంతో, అంత. మెడ నిలవలేదు, పిడికిలి విచ్చుకోలేదు. నువ్వు మాత్రం పనిలో దిగి అప్పుడే మూడు నెలలు. ఉమ్మనీటిలో ఉండగానే అమ్మ గొంతు పట్టుకున్నావు. నేల మీదికి వచ్చిన రెండు మూడు రోజులకే, వేరే ఆడమనిషి గొంతు కంటే ఆ ఒక్క గొంతునే కోరుకుంటావు.

ఎక్కడ పుట్టావో చెబుతాను, విను. ఇది బిచ్కుంద. కామారెడ్డి జిల్లా కొస. నల్లరేగడి నేల, సోయా చేలు, కంది చేలు. ఒక దిక్కు పోతే మరాఠీ, ఇంకో దిక్కు పోతే కన్నడం. మహారాష్ట్రలో బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర కర్ణాటకను తడిపి, మన మండలాన్ని ఒరుసుకుంటూ గోదావరిలో కలవడానికి పోతుంది. నీ తొట్టెల దగ్గర ఆ నీళ్ళకు నాలుగు పేర్లు. అవ్వ నీళ్ళు అంటుంది. కన్నడపు ఇంటినుంచి వచ్చిన కోడలు నీరు అంటుంది. మరాఠీ మనిషి పాణీ అంటాడు. ఉర్దూ మాట్లాడే చాచా పానీ అంటాడు. పాణీ, పానీ. నాలుక ఒక్కసారి వెనక్కి మడిస్తే వచ్చే తేడా. ఆ మడత నీకు వినిపిస్తుంది.

అందరికీ వినిపించదు. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు పరిశోధకులు 1984లో కెనడాలో ఈ సంగతి లోకానికి చూపించారు. ఇంగ్లీషు తప్ప వేరే మాట ఎరగని ఇళ్ళ పిల్లలకు హిందీలోని త, ట వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా కనిపెట్టేశారు. ఏడాది దగ్గరపడేసరికి ఆ శక్తి సన్నగిల్లింది. చుట్టూ ఎవరూ పలకని ధ్వనిని చెవి మెల్లగా వదిలేస్తుంది. బిచ్కుంద చెవీ, నువ్వు వదులుకోవాల్సింది ఎంత తక్కువ! పుట్టుకతోనే కలిగినదానివి నువ్వు.

నువ్వు నింపిన గాదెలోంచే నోరు తీసుకుంటుంది. రెండో నెలలో ఉంగా ఉంగా. ఉగ్గుగిన్నె కదిలే వేళకు మమమ, తతత. బిడ్డ బోర్లా పడితే ఇంట్లో ఏదో ఒకటి వండుతారు, అడుగేస్తే మరొకటి వండుతారు. తతత అన్న రోజున ఎవరూ పొయ్యి వెలిగించరు. వెలిగించాలి. మన చుట్టరికాలన్నీ ఆ బోసినోట్లోనే పుట్టాయని నాకు గట్టి నమ్మకం. అమ్మ, అవ్వ పెదాల మీద. అన్న, అత్త పళ్ళు రాబోయే చిగురు దగ్గర. అక్క గొంతు వాకిట్లో. పసినాలుక మోయగలిగినంత బరువే పెట్టి మనవాళ్ళు ఆ మాటలు కట్టారు. ఆ అక్క కన్నడపు ఇంట్లోనూ అక్కే, మరాఠీ ఇంట్లోనూ అక్కే.

అయితే నువ్వు ఎవరు పడితే వాళ్ళ దగ్గర నేర్చుకోవు. 2003లో ప్యాట్రీషియా కూల్ అనే పరిశోధకురాలి బృందం అమెరికాలో తొమ్మిది నెలల పిల్లల ముందు మనుషుల్ని కూర్చోబెట్టి చైనా మాండరిన్ మాట్లాడించింది. ఆ ధ్వనుల తేడా పిల్లలు నేర్చుకున్నారు. అవే మాటలు టీవీలో వినిపిస్తే ఏమీ నేర్వలేదు. నీకు ఊపిరి తగిలే మనిషి కావాలి. నీవైపు తిరిగిన మొహం కావాలి. చేను నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కొని, "ఏం బిడ్డా, బువ్వ తిన్నవా?" అని అడిగి, జవాబు రాదని తెలిసీ ఆగే తాత కావాలి. ఆ ఆగడంలోనే, తన వంతు ఒకటి ఉందని బిడ్డకు తెలుస్తుంది.

తల్లులారా, మీకు ఏ భాష వస్తే ఆ భాషలో మాట్లాడండి. ఒంటికి నీళ్ళు పోస్తూ, కంది పప్పు చెరుగుతూ, చేసే పనల్లా బిడ్డకు చెప్పండి. సెల్లు చేతికివ్వకండి.

ఇంకొక్క మాట. చప్పుడుకు ఉలికిపడని పసిగుడ్డు, పేరు పిలిస్తే తిరిగి చూడని ఏడాది బిడ్డ, రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలపని బిడ్డ మీ ఇంట్లో ఉంటే, మేనమామకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయని ఊరుకోకండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే పిల్లల ఆరోగ్య పథకం 2013 నుంచి ఉంది. ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీ పిల్లల్ని పరీక్షించడం ఆ పథకపు వైద్య బృందం పని. బృందం ఎప్పుడొస్తుందో అంగన్‌వాడీ టీచరమ్మను అడగండి. బృందం రావడానికి ఇంకా రోజులుంటే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ముందు చెవులు చూపించండి.