నేరాల లెక్కలో వాడ ఎక్కడ?

ఏటా డిసెంబరు ఆఖర్న పోలీసు అధికారులు విలేకరులను పిలిచి వార్షిక నేర నివేదిక విడుదల చేస్తారు. దొంగతనాలు ఇంత తగ్గాయి, సొమ్ము ఇంత రికవరీ అయింది, కొత్త కెమెరాలు ఇన్ని పెట్టాం అని చెప్తారు. తెల్లారి జిల్లా పేజీలో నేరాలు తగ్గాయని శీర్షిక వస్తుంది. సుల్తానాబాద్ బస్టాండ్‌లో ఆ పేజీ చదివే మాలాంటి వాళ్లకు ప్రతిసారీ ఒకటే అనుమానం. తగ్గినవి నేరాలా, కేసులా?

నేరాల రేటు అంటే లక్ష జనాభాకు నమోదైన కేసులెన్ని అన్న లెక్క. 'క్రైమ్ ఇన్ ఇండియా' నివేదిక 1953 నుంచి వస్తున్నది. ఇప్పుడు దాన్ని 1986లో ఏర్పడిన జాతీయ నేర రికార్డుల బ్యూరో తయారు చేస్తున్నది. ఇందులో ఉన్నది జరిగిన నేరం కాదు, స్టేషన్లో రాసుకున్న నేరం. ఒక ఎఫ్.ఐ.ఆర్.లో నాలుగు నేరాలుంటే ఎక్కువ శిక్ష పడే ఒక్కటే లెక్కకొస్తుంది. అత్యాచారం చేసి చంపితే అది అత్యాచారాల పద్దులో ఉండదు, వేరే పద్దు కిందికి పోతుంది. కేసు పెరగడమూ నేరం పెరగడమూ ఒకటి కాదని ఆ బ్యూరోనే తన నివేదికలో హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను మన పత్రికలు అచ్చు వెయ్యవు.

మేము ఇంటర్ చదివే రోజుల్లో వాడ పెద్దమనిషి వెంట ఒక ఠాణాకు పోయాం. కూలి అడిగినందుకు కులం పేరుతో తిట్టి కొట్టారని దరఖాస్తు. వాడలో నాలుగక్షరాలు వచ్చింది మాకే కనుక కాగితం మేమే రాశాం. అక్కడున్నాయన దాన్ని చదవనే లేదు. "ఊర్లె బతుకాల్నా వద్దా? పెద్దమనుషులల్ల కూసుండి తెంపుకోన్రి" అన్నాడు. తెంపుకున్నాం. ఆ ఏడాది ఆ స్టేషన్ పరిధిలో దళితులపై నేరాలు ఒకటి తగ్గినట్టే లెక్క.

దీన్ని ఒక్క ఠాణా సంగతిగా చూడటం పొరపాటు. 1989 అట్రాసిటీ చట్టం నాలుగో సెక్షన్, విధుల్లో నిర్లక్ష్యం చేసిన అధికారికి శిక్ష ఉందంటుంది. 1995 నిబంధనలు డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చెయ్యాలంటాయి. ఆ దర్యాప్తు ఎఫ్.ఐ.ఆర్. అయ్యాకనే కదా! 2018 మార్చి 20న సుప్రీంకోర్టు కేసుకు ముందే ప్రాథమిక విచారణ ఉండొచ్చని చెప్పింది. దాంతో దళితులు ఏప్రిల్ 2న దేశమంతా బంద్ చేయాల్సి వచ్చింది. అదే ఏడాది పార్లమెంటు సవరణ తెచ్చి ఆ విచారణ అక్కర్లేదని తేల్చింది. ఠాణా గుమ్మంలో జరిగే విచారణ మాత్రం ఏ సవరణకూ అందలేదు.

కనుక అంకె పెరిగినప్పుడు మేము వెంటనే బెంగపడం. దేశంలో దళితులపై నేరాల కేసులు 2021లో 50,900, 2022లో 57,582. ఇందులో పెరిగిన దాడులున్నాయి, కాగితం పట్టుకుని మళ్లీ మళ్లీ స్టేషన్ మెట్లెక్కిన వాళ్ల మొండితనమూ ఉంది. ఏది ఎంతో ఆ పట్టిక చెప్పదు. తగ్గిన అంకెను మాత్రం వాడకు వచ్చి అడిగి తెలుసుకోవాలె.

ఇక భద్రత మాట. 2019 నవంబరు 24న ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకునే దళిత స్త్రీపై ముగ్గురు అత్యాచారం చేసి చంపారు. మూడు రోజులకు శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టర్‌పై అదే ఘోరం జరిగింది. దేశమంతా కదిలింది శంషాబాద్ కోసమే. కదలాలె, దాన్ని తప్పుపట్టం. కాని లింగాపూర్ పేరు దళిత సంఘాలు రోడ్డెక్కి అరిస్తే తప్ప వినబడలేదు. తర్వాత ప్రత్యేక కోర్టు విచారించి 2020 జనవరి 30న ముగ్గురికీ ఉరిశిక్ష వేసింది. శంషాబాద్ కేసులో విచారణే లేదు. డిసెంబరు 6న నలుగురు నిందితులనూ పోలీసులు కాల్చేశారు, జనం పూలు చల్లారు. కావాలనే కాల్చారని సిర్పుర్కర్ కమిషన్ నివేదిక చెప్పింది, అందులో ముగ్గురు మైనర్లని కూడా. అది బయటికొచ్చిన 2022 మేలో పూలు చల్లినోళ్లెవరూ మాట్లాడలేదు. ఊరూరా కాలినడకన తిరిగే ఆడమనిషికి ఏ రక్షణ ఉండాలన్న చర్చ ఆ గోలలో మొదలే కాలేదు.

అదే ప్రశ్న మా గడపకు వచ్చింది. 2024 జూన్‌లో సుల్తానాబాద్ మండలం కాట్నపల్లిలో, రైసుమిల్లు దగ్గర తల్లి పక్కన పండుకున్న ఆరేళ్ల పాపను రాత్రిపూట ఎత్తుకుపోయి, అత్యాచారం చేసి చంపారు. ఆ కుటుంబం వేరే జిల్లా నుంచి కూలికి వచ్చింది. నిందితుడు మిల్లు పనివాడే. ఎత్తుకుపోతున్నది సీసీ కెమెరాలో పడింది, దాంతోనే దొరికాడు. కెమెరా పనికిరాదని మేము అనం. కాని అది పట్టించింది పాప పోయినంక.

అప్పుడు టౌన్‌లో వినబడ్డ మాట, బయటోళ్లను రానియ్యొద్దని. బీహారు హమాలీలు లేకుంటే ఇక్కడి మిల్లులు ఒక్క సీజను నడవవని ఆ మాటన్నోళ్లకూ తెలుసు. ధాన్యానికి గోదాము ఉంటది, గోదాముకు తాళం ఉంటది. ధాన్యం ఎత్తే మనిషి పిల్లలతో సహా ఎక్కడ పండుకుంటున్నాడో అడిగినోళ్లు తక్కువ. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం అప్పటికి అమల్లో ఉంది. అది కూలీలకు వసతి చూపమంది, అదీ కాంట్రాక్టరు వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన వాళ్లకే. పక్క జిల్లా నుంచి వచ్చిన వాళ్లకు ఆ మాట కూడా లేదు. 2013 నాటి ప్రజాభద్రతా చట్టం వంద మంది వచ్చిపోయే చోట కెమెరా పెట్టమన్నది. కూలీలు పండుకునే చోటికి తలుపు పెట్టమనలేదు.

మరి పోలీసులు వాడకు రారా అంటే, వస్తారు. తెల్లారకముందే కాలనీని చుట్టుముట్టి ఇల్లిల్లూ సోదా చేస్తారు. దీన్ని కార్డన్ సెర్చ్ అనేవాళ్లు, కమ్యూనిటీ కాంటాక్ట్ అని కూడా అంటున్నారు. కాగితాల్లేని బండ్లు ఇన్ని దొరికాయని పేపర్లో లెక్క వస్తది. మిల్లు యజమానుల ఇండ్లున్న వీధిని అట్ల చుట్టుముట్టిన వార్త మేము చదవలేదు. 2017 జులైలో సిరిసిల్ల దగ్గర ఇసుక లారీ కింద పడి మనిషి చనిపోతే జనం లారీలు తగులబెట్టారు. నేరెళ్లవాళ్లను పట్టుకపోయి చిత్రహింస పెట్టారన్న ఆరోపణ వచ్చింది, బాధితుల్లో ఎక్కువమంది దళితులు. లారీలు కాలిన కేసు వెంటనే అయింది. దెబ్బల సంగతి హైకోర్టు దాకా పోవాల్సి వచ్చింది.

1942లో నాగపూర్‌లో అఖిల భారత అణగారిన వర్గాల మహాసభ దళితులకు విడి ఊళ్లు కావాలని తీర్మానించింది. ఊర్లో ఉండి భద్రత దొరకదన్న అనుభవం దాని వెనుక ఉంది. మా నాయన తరం ఆ తీర్మానం చదవకుండానే ఊరిడిచి టౌన్‌కు వచ్చింది. టౌన్‌లో ఇల్లు కిరాయికి అడిగితే ఇప్పటికీ మొదట కులం అడుగుతారు. అందుకే చాలామంది మళ్లీ ఒక చివరనే గుడిసె వేసుకున్నారు.

విద్యార్థి మిత్రులతో ఒక పని గురించి మాట్లాడుతున్నాం. సమాచార హక్కు కింద ఒక్కో స్టేషన్‌ను రెండు అంకెలు పక్కపక్కన అడగాలె: అట్రాసిటీ దరఖాస్తులు ఎన్ని వచ్చినయి, ఎఫ్.ఐ.ఆర్.లు ఎన్ని అయినయి. కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలని 1995 నిబంధనల్లోనే ఉంది. ఆ మినిట్స్ నకళ్లూ అడగాలె. దరఖాస్తు తీసుకోలేదంటే ఆ తేదీ, అడ్డం చెప్పిన మాట వాడలో ఒక నోటుబుక్కులో రాసి పెట్టాలె. మా వాడ నుంచి మేము మొదలుపెడుతున్నాం, మొదటి పేజీలో ఇంటర్ రోజుల నాటి ఆ దరఖాస్తు ఉంటుంది.