పొలిమేర ఎంత దూరం?

మిర్యాలగూడలో బియ్యం గురించి మాట్లాడితే మాట నూకల దగ్గరికి రాక తప్పదు. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు ఇక్కడి మిల్లుల్లో బియ్యమై బయటికొస్తాయి. అందులో నిండు గింజ ఎంత, నూక ఎంత అన్నదాన్ని బట్టి ధర పలుకుతుంది. సార్టెక్స్ మెషీన్ కెమెరా, జారిపడే గింజల్లో రంగు మారినదాన్ని కనిపెట్టి గాలితో పక్కకు కొడుతుంది. గుప్పెడు బియ్యం నల్లగుడ్డ మీద పోసి ఫొటో తీసి నూకలు లెక్కపెట్టాలంటే మాత్రం చిక్కు వేరే ఉంది.

నేను తీసి చూశాను. గింజను గింజ ఆనుకుని పడింది. మన కంటికవి రెండు గింజలు, కంప్యూటర్‌కు ఒకే తెల్లటి మచ్చ. రెండు నూకలు మూతులు కలిపి పడితే అది నిండు గింజ కింద జమ అవుతుంది. ఈ ముడి విప్పేది దూరపు లెక్క.

మచ్చలోని ప్రతి పిక్సెల్ మీద అది ఒక అంకె వేస్తుంది: నల్లటి అంచు ఎన్ని అడుగుల దూరమో. గింజ నడుము దగ్గర అడ్డంగా చదివితే 1 2 3 4 3 2 1. రెండు గింజలు తాకిన సందులో 1 2 1 మాత్రమే. 2 వరకు ఉన్న అంకెలన్నీ తుడిచేస్తే సందు తెగుతుంది, నడుములు నిలుస్తాయి. ఒక్కోదానికి ఒక్కో గుర్తు పెట్టి, పోయిన ఒళ్లు మళ్లీ పెంచుకుంటూ వచ్చి, రెండూ ఎదురుపడిన చోట గట్టు వేస్తాం.

అంకెలు వేసే తీరే నాకు అన్నిటికంటే ముచ్చట. ప్రతి పిక్సెల్ నుంచి అంచుదాకా టేపు పట్టనక్కర్లేదు. పొలిమేర ఎంత దూరమని పక్కింటాయన్ని అడిగి, చెప్పినదానికి ఒకటి కలుపుకుంటే సరి. వెళ్లేటప్పుడు పైవాణ్ణీ ఎడమవాణ్ణీ, తిరిగి వచ్చేటప్పుడు కిందివాణ్ణీ కుడివాణ్ణీ అడిగి చిన్న అంకెను ఉంచుకోవాలి. ఫొటో ఎంత పెద్దదైనా రెండే నడకలు. 1966లో రోజెన్‌ఫెల్డ్, ఫాల్ట్స్ చెప్పిన ఉపాయమిది. అయితే ఐమూలగా ఒక గడి దాటితే ఈ లెక్క 2 అంటుంది, అసలు దూరం 1.41. పక్క అడుగుకు 3, ఐమూల అడుగుకు 4 వేసి చివర 3తో భాగించే పద్ధతిని 1986లో గునిల్లా బోర్‌గెఫోర్స్ వివరంగా పరిశీలించారు. అలా చేస్తే 1.33 వస్తుంది. నడక మొత్తం పూర్ణాంకాలతోనే సాగిపోతుంది! ఆకారాన్ని అంచు నుంచి ఒలిచే ఈ శాస్త్రం 1964లో ఫ్రాన్స్‌లో, మాథరాన్, సెరాల చేతుల్లో, ఇనుప ఖనిజాన్ని పరిశీలించే పనిలో పుట్టింది.

ఎంతవరకు తుడవాలన్నదే నేర్పు. మొదటిసారి నేను హద్దు ఎక్కువ పెట్టాను, సన్న నూకలన్నీ మాయమయ్యాయి. మచ్చ పూర్తిగా కరిగిపోయే ముందు మిగిలే చివరి చుక్కను గుర్తుగా దాచుకుంటే అవి దక్కుతాయి.

ఈ దూరపు లెక్కే మన అక్షరాలనూ చదివింది. 2001లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ నుంచి అతుల్ నేగి, చక్రవర్తి భగవతి, బి. కృష్ణ తెలుగు ఓసీఆర్ మీద, అంటే అచ్చు అక్షరాలను కంప్యూటర్‌తో చదివించడం మీద, ఒక పత్రం వెలువరించారు. గుణింతాలు, ఒత్తులు కలిస్తే దాదాపు పదివేల రూపాలయ్యే మన రాతను విడి ముక్కలుగా చూసి, 370 నమూనాలతో సరిపెట్టారు. ‘ప’ మీది తలకట్టు ఒంటికి అంటదు కనుక అదొక ముక్క, కిందిది ఒక ముక్క. దాదాపు 92 శాతం సరిగా చదవగలిగారు.

ఇక్కడ ఒలిచే పని కుదరదు, గీతే సందంత సన్నం. అందుకని దూరాన్ని సిరాకు బయట కొలిచారు. నమూనా చుట్టూ ఉన్న తెల్లటి చోటంతా సిరా ఎంత దూరమో అంకెలుంటాయి. స్కాన్ చేసిన ముక్కను దాని మీద పరిచి, నల్ల చుక్కలు పడిన చోటి అంకెలు కూడాలి. సిరా ఒలికి గీత లావైతే, పెరిగిన చుక్కకు ఒకటి చొప్పున కలుస్తుంది. అక్షరమే వేరైతే ఒక్కో చుక్క అయిదో ఆరో మోసుకొస్తుంది.