మూలము లేని అనువాదములు: ఫ్రిట్జ్ క్రైస్లరు

పియానో మీట నొక్కినంతనే స్వరము పుట్టును. పుట్టిన మరుక్షణము నుండియే క్షీణింపసాగును. వాయించువానికి ఎంత నేర్పున్నను ఆ క్షీణత ఆగదు. వాయులీనముపై కమాను సాగుచున్నంతసేపు స్వరము నిలుచును, పెరుగును, తఱుగును, ఒక స్థానమునుండి మఱొక స్థానమునకు జారును. కనుక పియానోకొఱకు పుట్టిన కృతిని వాయులీనమునకు మార్చువానికి స్వరములను నకలు చేసినంత మాత్రమున పని తీఱదు. అక్కడ లేనిది ఇక్కడ కలదు. అక్కడ ఉన్నదానిలో కొంత ఇక్కడ లేదు. హిందీనుండి తెలుగునకు అనువదించుటలో ఏండ్లు గడపిన నాకు ఈ చిక్కు క్రొత్తది కాదు.

ఈ విద్యలో ఫ్రిట్జ్ క్రైస్లరు (1875-1962) చేయి తిరిగినవాడు. వియన్నాలో జన్మించి న్యూయార్కులో కన్నుమూసిన ఈ విద్వాంసుడు, స్పెయిను దేశపు స్వరకర్త ఆల్బెనిజ్ పియానోకు వ్రాసిన ‘టాంగో’ను వాయులీన, పియానోల జంటకు మార్చెను. మూలమున కుడిచేయి పాడుచుండగా ఎడమచేయి ఊగుచు లయను నిలుపును. క్రైస్లరు ఆ ఊపును పియానోకే విడిచి, పాటను తీగెల కప్పగించెను. రెండు మీటల నడుమ ఊహకు మాత్రమే అందెడు జారు, తీగెపై చెవికే వినవచ్చును. ఇది చేర్పు అనవచ్చునా? నేననను. మూలము చెప్పదలచియు చెప్పలేకపోయిన మాటను మఱొక భాష చెప్పినది. మాన్యుయెల్ ద ఫాయా సంగీతనాటకము ‘లా విదా బ్రేవే’లోని స్పానిషు నృత్యమును మార్చినపుడు చిక్కు వేఱు. వాద్యబృందమంతయు మోసిన బరువును రెండు వాద్యములే మోయవలసి వచ్చెను. నిండుదనము తగ్గినది, వాడి తగ్గలేదు.

అయితే క్రైస్లరు పేరు చెప్పగనే 1935 నాటి రచ్చ గుర్తునకు రాకమానదు. అంతకు పెక్కేండ్లుగా అతడు పున్యాని, కూపెరిన్, వివాల్డి మున్నగు పూర్వుల కృతులకు రూపాంతరములని చెప్పి కొన్ని రచనలను కచేరీలలో వాయించుచు, అచ్చు వేయించుచు వచ్చెను. ‘న్యూయార్క్ టైమ్స్’ విమర్శకుడు ఓలిన్ డౌన్స్ వానిలో ఒకదాని మూలమును గూర్చి అడుగగా, మూలమే లేదనియు అవి తన సొంత రచనలే యనియు ఒప్పుకొనెను. కార్యక్రమ పత్రమున తన పేరే మాటిమాటికి కనబడుట బాగుండదని తొలుత తోచినదట! లండను విమర్శకుడు ఎర్నెస్ట్ న్యూమన్ మండిపడెను. పేరు మాఱినను కృతి విలువ మాఱదని క్రైస్లరు వాదించెను.

మన దేశమున ఇట్టివి లేకపోలేదు. కబీరు ముద్ర గల పదములన్నియు కబీరువి కావు. వేమన మకుటము గల పద్యములన్నియు వేమనవి కావు. అయినను ఆ అజ్ఞాతకవులను మనము మోసగాండ్రనము. వారు పూర్వుని గొంతులో తమ గొంతు కలిపి తాము మఱుగైరి. క్రైస్లరు మఱుగైనది కాగితముమీద మాత్రమే. వేదికమీద చప్పట్లు అతనివే.

విలువ మాఱదన్న మాటను నేను కాదనను. ‘ప్రెలూడియం, అల్లెగ్రో’ ఎవరి పేరున్నను మంచి కృతియే. మాఱునది పూర్వులను గూర్చిన మన ఎఱుక. వివాల్డి సంగతి చూడుడు. 1713-14 ప్రాంతమున వైమార్‌లో నుండిన బాక్, వివాల్డి వాయులీన కాన్చెర్టోలు కొన్నింటిని ఆర్గను మొదలగు మీటల వాద్యములకు మార్చెను. పిమ్మట లోకము వివాల్డిని మఱచినను, బాక్‌ను చదువు పండితులు ఆ రూపాంతరముల మూలమున అతనిని మరల వెదకిరి. అతని వ్రాతప్రతుల పెద్ద సేకరము 1926లో ఇటలీలో బయటపడి, తరువాత ట్యూరిన్ జాతీయ గ్రంథాలయమునకు చేరెను. అంతవఱకు అతని రచనలలో చాల భాగము ఎవరును ఎఱుగరు. క్రైస్లరు ‘వివాల్డి’ పుట్టినది ఆ చీకటిలోనే. పోల్చి చూచుటకు అసలు చేతలేని శ్రోత, వియన్నా మాధుర్యమునే వెనిసు మాధుర్యమని నమ్మెను. బాక్ మార్చినచోట మూలమునకు ఆయువు పెరిగినది. క్రైస్లరు కల్పించినచోట లేని మూలము ఉన్నదానికి అడ్డు నిలిచినది. న్యూమన్ కోపమున నాకు న్యాయముగా తోచు భాగమిది.

నేడు ఆ కృతి ‘పున్యాని శైలిలో’ అను మాటతో, క్రైస్లరు పేర అచ్చగుచున్నది. ఆ చిన్న మాటను మొదటనే వేసియుండిన, ‘టాంగో’ను అంత నమ్మకముగా మార్చిన చేయిని గూర్చి మనకు సందేహపడవలసిన పని యుండెడిది కాదు.