కొరమేనుకు తగిన కర్ర

మత్స్యజాతిలో శౌర్యమునకు అగ్రతాంబూలము నీయవలసి వచ్చినచో, అమెరికా వేటకాండ్రు తమ బాస్ చేపను ఎంతగా కొనియాడినను, నేను మాత్రము తడుముకొనక మన కొరమేనుకే ఇత్తును. పెదకాకాని చుట్టుప్రక్కల పత్తిచేలకును మిరపతోటలకును నడుమ సాగు కాలువలలో, గుంటూరు ఛానలు నీరు చేరి నిలిచిన మడుగులలో, తూటికాడలును కలువాకులును క్రమ్ముకొన్న నీడలలో అది పొంచియుండి, పైన కదలిన కప్పమీదికి లంఘించి నీటిని బ్రద్దలు చేయునప్పటి చప్పుడు చెవినిబడిన వేటకానికి ఆనాటి పనులన్నియు వెనుకబడిపోవును. అట్టి చేపకు సాటిరాగల కర్ర వేలకు వేలు పోసినగాని దొరకదను అపోహ యొకవంకను, అంగడిలో మెరసినదెల్ల కర్రయేయను భ్రమ వేరొకవంకను ప్రబలియున్న ఈ దినములలో, మితమైన వెలకు మేలైన స్పిన్నింగ్ రాడ్డును ఎన్నుకొను విద్యను, మన పాత వెదురుగాలపు వారి ఒరవడి ననుసరించి చెప్పుట అవసరమని తోచినది.

కొరమేను స్వభావము నెరుగక కర్రను గూర్చి మాటాడుట వ్యర్థము. మొప్పలతో పాటు తలలోపల గాలిని పట్టు ప్రత్యేకావయవము కలదగుటచే అది నీరు తరిగి బురదయైన చోట సైతము బ్రతుకును. నడుమ నడుమ పైకి వచ్చి గాలి గ్రుక్కి పోవుచుండును. ఆ బుడగను కనిపెట్టుటయే వేటలో తొలిమెట్టు. దాని దవడలు ఎముకగట్టివి. గాలము దిగవలెనన్న కర్ర మొదట బలముండవలెను. చిక్కిన క్షణమున అది తెరపినీటికి పరుగిడదు, నాచులోనికే దూరి తంగీసును, అనగా గాలపుదారమును, కాడలకు చుట్టివేయును. కావున మొదటి ఊపులోనే దానిని మళ్లించు సత్తువ కావలెను. అయినను విసరవలసినది పదిగ్రాముల రబ్బరు కప్పయే గదా! దానిని రెండు కలువాకుల నడుమ మూరెడు జాగాలో పడవేయుటకు కర్ర కొన సుకుమారముగా నుండవలెను. మొదట బలము, కొనను లాఘవము, ఈ రెంటి పొందికయే కర్ర, తక్కినదంతయు అలంకారము.

ఈ పొందికను మన పల్లెల గాలపువేటకాండ్రు ఏ శాస్త్రమును చదువకయే సాధించిరి. సాధనపు వెదురులో బోలు తక్కువై, కణుపులు దగ్గరగానున్న గడను ఏరుటలో వారికి వారే సాటి. చేతబట్టి ఒక్క విదలింపు విదలించి, కొన ఎన్ని మారులు ఊగి నిలిచినదో చూచి, 'ఇది పనికివచ్చును, ఇది పందిరికి పోవును' అని తేల్చివేయుదురు. అమావాస్యనాడు కొట్టిన వెదురునకు పుచ్చుపట్టదని పెద్దలందురు. అందలి నిజానిజము లెట్లున్నను, పచ్చిగడను నీడన ఆరవేసి, వంకర కణుపులను నిప్పుసెగను కాచి సరిచేసి, ఆముదము పట్టించి నిలువచేసిన కర్ర ఏండ్లకొలది మాటదప్పదు. ఇక ఆ కర్ర పట్టిన ఘనుల నైపుణ్యము నేమని చెప్పుదును! జీలుగబెండు అదరిన తీరును బట్టియే, కొనను కొరికినది పరిగె, ఆగి లాగినది మట్టగిడస, ప్రక్కకు ఈడ్చినది బొమ్మిడాయి అని, చేప పైకి రాకమునుపే చెప్పువారు గట్టున ఉండిరి.

ఈ వినోదము ప్రాచీనతను గూర్చి నాలుగు మాటలు చాలును. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున మత్స్యవినోదమునకు ప్రత్యేకస్థానమే కలదు. మద్రాసు రాజధానిలో కొలువుచేసిన హెన్రీ సలివన్ థామస్ దొర 1873లో భారతదేశపు గాలపువేటపై ఒక గ్రంథమును, 1887లో చెరువుల వేటపై వేరొక గ్రంథమును వెలువరించెను. బద్దలు చీల్చి అతికిన కర్రలతో అమెరికాలో జగత్ప్రసిద్ధులైన శామ్యూల్ ఫిలిప్పి, హైరమ్ లియొనార్డ్ ప్రభృతులు తొలుత చేతబట్టినది కలకత్తా వెదురే యని తెలిసినప్పుడు ఏ భారతీయుని మీసము మీదికి లేవదు? ఇంగ్లండున ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ 1905లో కదలని కండెగల దారపుచక్రమునకు (రీలునకు) పేటెంటు పొందెను. కండె తిరుగదు, తంగీసు దాని అంచునుండి జారిపోవును, అందుచే తేలికయెర సైతము దూరము పోవును. నేటి స్పిన్నింగ్ రాడ్డు ఈ చక్రమునకు తోడుగా పెరిగినదే.

ఇక అంగడికి పోవుదము. మొదట చూడవలసినది వంపు. కొన నొకరిచే పట్టించి, పిడిని మెల్లగా ఎత్తినచో కర్ర ఎచ్చట వంగునో తెలియును. మొదలుదాకా గుమ్మడితీగవలె వాలిపోవునది కొరమేనుకు పనికిరాదు. ఎచ్చటను వంగక మొండికెత్తునది విసరుటకు పనికిరాదు. పైనున్న మూడవపాలు చురుకుగా వంగి, నడుము బిగువుగా నిలిచి, విడిచినంతనే కొన వణకక తిన్ననగునదియే మనకు కావలసినది. అంగడివారి భాషలో ఇది మీడియం హెవీ బలము, ఫాస్ట్ వంపు. పొడవు ఆరున్నర అడుగులనుండి ఏడడుగుల వరకు గట్టుమీది వేటకు సరిపోవును. పిడికి పైన ముద్రించిన అంకెలను చదువక కొనుట తగదు. ఎంత బరువు ఎరను విసరవచ్చునో, ఎంత బలముగల దారమునకు తగునో అచ్చటనే యుండును. కప్ప యెరకు 7 గ్రాములనుండి 28 గ్రాముల వరకు ఓర్చునది చాలును.

రెండవది, తంగీసు దూరిపోవు వలయములు. స్పిన్నింగ్ రాడ్డున ఇవి కర్ర క్రిందివైపున ఉండును. పిడికి దగ్గరనున్నది పెద్దదై, కొనకు పోనుపోను చిన్నవి కావలెను. ఏడడుగుల కర్రకు కొనవలయము గాక ఏడెనిమిదికి తక్కువ ఉండరాదు. పిడినుండి కొనవరకు ఒంటికంట చూచినచో అన్నియు ఒకే వరుసలో కనబడవలెను. పత్తిసీమ వారమగుట ఇచ్చట మనకు కలిసివచ్చును: చిటికెడు దూదిని తీసి ప్రతివలయము లోపల ఒకచుట్టు త్రిప్పవలెను. దూదిపోగు చిక్కినచో అచ్చట కంటికానని బీట గలదన్నమాట. ఆ బీటయే మంచి చేప పడిననాడు మీ దారమును కోసివేయును. చౌకపూత వేసిన వలయములపై అల్లికదారము కొలదికాలములోనే గాడి చేయును. గట్టి పింగాణీ వలయములున్న కర్రకు నూరు రూపాయలు ఎక్కువ పెట్టినను నష్టములేదు. చక్రమును బిగించి, పిడి ముందుభాగమును ఒక్కవ్రేలిపై నిలిపి చూడవలెను; కొన నేలకు వ్రాలుచున్నచో సాయంకాలమునకు మణికట్టు మొరపెట్టును.

మూడవది, ద్రవ్యము. గాజునార బరువు, కాని ఓర్పుగలది. కార్బను తేలిక, చేప ముట్టిన జాడను వెంటనే చేతికి తెలుపును, కాని రాతికి తగిలినచో లోలోపల చిట్లి మరియొకనాడు విరుగును. కార్బనులో విద్యుత్తు ప్రవహించును. మన గట్లవెంట మోటార్ల తీగలు వ్రేలాడుచోట్ల దానిని ఎత్తి విసరుట ప్రాణాపాయము. అమెరికాలో షేక్‌స్పియర్ కంపెనీవారు 1976లో అగ్లీ స్టిక్ అను పేర గాజునారను కార్బనును కలిపి, కొన మాత్రము బోలులేని గాజునారతో చేసి అమ్మిన కర్ర సామాన్యుని చేతికి వరమైనది. రెండువేల రూపాయలకు అటునిటు వెచ్చింపగలవాడు అట్టి మిశ్రమపు కర్రను, రెండు ముక్కలుగా అమరునది కొనవలెను. వేయికి లోబడినవాడు మంచి గాజునారతో తృప్తిపడవలెను. వెల చూచి చేప పడదు. 1932 జూన్ 2న అమెరికాలోని జార్జియా రాష్ట్రమున, మాంట్‌గొమరీ సరస్సులో జార్జి పెర్రీ అను ఇరువదియేండ్ల పేద రైతు 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ చేపను పట్టెను. అతనికిని అతని మిత్రునికిని ఆనాడు ఉన్నది ఒక్కటే కర్ర యని చెప్పుకొందురు. ఆ చేపను పెర్రీ ఇంటికి కొనిపోగా ఇంటివారు వండుకొని తినిరి. 2009లో జపానుదేశపు బీవా సరస్సులో మనాబు కురిటా దానికి సమముగా నొకదానిని పట్టెనేగాని, పెర్రీ పేరు నేటికిని రికార్డునుండి చెరగలేదు.

ఇంత సులభమైన విద్య యుండగా మన కుర్రవాండ్రు మోసపోవుట చూచినప్పుడు కడుపు మండును. గొట్టములో గొట్టము దూరు కర్ర, తగరపు చక్రము, ప్లాస్టిక్ చేపలు నాలుగు, అన్నియు ఒక సంచిలో వేసి, పైన 'కార్బన్' అని బంగారు అక్షరములతో అచ్చొత్తి అమ్ముచున్నారు. అతుకు అతుకునకు వంపు చచ్చిన ఆ కర్ర మొదటి కొరమేను పట్టిననాడే కటుక్కున విరుగును. జిగురుతో అంటించిన వలయములు జారి ఒకదానిపై నొకటి పడును. కుర్రవాడు తన చేతకానితనమే యనుకొని గట్టుదిగి పోవును, మరల రాడు. సంచిలో పట్టునను సౌకర్యమునకై వేటనే అమ్ముకొన్నవారిని నేను క్షమింపజాలను. టెలిస్కోపిక్ రాడ్డుకన్న మేదరి చేతి వెదురుగడయే వేయిరెట్లు మేలని బల్లగ్రుద్ది చెప్పుదును.

దీనికన్న ఘోరము వేరొకటి గలదు. కరెంటుతీగలు కాలువలో దింపువారు, పురుగుమందు కలిపి చేపలను తేల్చువారు తమనుకూడ వేటకాండ్రమనియే చెప్పుకొనుచున్నారు! ప్రేలుడుమందుతోను విషముతోను చేపలను చంపుట 1897 నాటి మత్స్యచట్టమే నేరమని శాసించినను, గట్టుమీద దాని నడుగువా డెవడు? గాలపువారిలోను దోషము లేకపోలేదు: తొలకరి తరువాత నీటిపై ఎర్రగా ముద్దగట్టి తిరుగు పిల్లలగుంపు క్రింద కొరమేను జంట కావలి కాచుచుండును. ఆ కావలిచేప కోపమును ఆసరా చేసికొని దానినే గాలమున కెత్తువారు కొందరు. దిక్కులేని ఆ పిల్లలు తెల్లవారునప్పటికి ఇతర చేపల పాలగును. మృగశిరకార్తె వచ్చినదనగానే కొరమేనుకై బజారులో ఎగబడు మనము, దాని వంశము నిలుచు మార్గము నొక్కనాడైనను తలచితిమా?

కాబట్టి అంగడివారికి నా మనవి ఒక్కటి: కొనువానిని కర్ర వంచి చూడనిండు, వంచనీయని కర్రను అమ్మకుడు. కుర్రవాండ్రకు నా మనవి రెండు: చిటికెడు దూది జేబులో వేసికొని కొనబోవుడు, పిల్లలగుంపు కనబడినచోట గాలము వేయకుడు. పెద్దలారా, విదలించి కర్రను తేల్చు ఆ చేతివాటము మీతోనే పోనీయక, ఈ వానకాలముననే ఒక్క కుర్రవానినైనను గట్టునకు తోడుకొనిపోయి నేర్పుడు. అది నేర్చినవానిని ఏ అంగడి బంగారు అక్షరములును మోసగింపజాలవు.